జొన్నకుంట రోడ్డులో ఒంటిగంట ఇరవై

మా ఇంట్లో స్టేషన్ బొమ్మ చూసొచ్చినవాళ్ళకు దారి తప్పుతోందని పాలకేంద్రం దగ్గర ప్రేమజ్యోతి అన్నదట. నా ముందర అనలేదు. వాళ్ళింటికీ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. అయినా ఆ మాట ఊరంతా తిరిగి, దర్జీ శివన్న మిషను మీదుగా నా దగ్గరికి వచ్చింది. నేను జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి పోతే శివన్న టేపు మెడలో వేసుకుని, నా వైపు చూడకుండా, "అక్కా, ఓబులేసు మామ నిన్న చేనికి పోతా దోవ తప్పినాడంట గదా. నలబై ఏండ్లు నడిచిన దోవ. మీ ఇంట్లో టేసను బొమ్మ చూసినంకనే అట్లయిందని ప్రేమజ్యోతి అంటాంది. నేనంటల్యా," అన్నాడు.

"ఎండకు తల తిరిగింటాది," అన్నాను.

"నేనూ అదే అన్యా. అయితే బసవరాజ్ వాళ్ళ నాయనకు గూడా అట్లే అయిందంట. గుడికి పోవాలని బయల్దేరి బావి కాడ తేలినాడంట."

నాకు నవ్వొచ్చింది. ఇప్పుడైతే నవ్వను.

అది పోయిన ఎండాకాలం సంగతి. ఇంట్లో మేం ముగ్గురం: మా ఆయన వీరభద్ర, మా అత్త గంగాదేవి, నేను. పాప కర్నూలులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. మాది నేత ఇల్లు. నేను పత్తికొండలో డిగ్రీ చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాలుగు మగ్గాలు ఆడుతుండేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క గుంత మగ్గం. అదీ నిరుడు ఆగిపోయింది. మగ్గం ఆగినా మా ఆయన చేతులు ఆగవు. అరచేతిలో పట్టే చిన్న మగ్గాలు చేసేవాడు, పోగును మోసే నాడె కూడా అటూ ఇటూ కదిలేది. గండికోట చూడటానికి వచ్చేవాళ్ళు వాటిని కొనుక్కుపోయేవాళ్ళు. అక్కడ కొత్తగా హోటలు కడుతున్న భూపేష్ అనే కుర్రవాడు వాటిని చూసి, అడ్రసు కనుక్కుని, ఉగాదికి ముందు కారేసుకుని వచ్చాడు.

"అన్నా, మా హాల్లో పెట్టేదానికి ఒక పాత రైల్వే స్టేషన్ చేసియ్యాల. చిన్న లైను కాలంది. ఊరికే బొమ్మ గాదు, నిజంగా ఉన్నిందే గావాల. రైళ్ళు నేను బెంగళూరు నుంచి తెప్పిస్తా, నువ్వు స్టేషన్ కట్టు. నంద్యాలో, గిద్దలూరో, ఏదైనా సరే. పాత ఫోటోలు గూడా తెప్పిస్తా."

మా ఆయన కాసేపు మగ్గం గుంత వైపు చూశాడు. "జొన్నకుంట రోడ్డు చేస్తా. ఫోటోలొద్దు. నేను చూసినా గదా," అన్నాడు.

వసారాలో తమలపాకు తుడుచుకుంటున్న మా అత్త చెయ్యి ఆగింది. భూపేష్ పోయినంక, "ఆ టేసను ఎందుకురా," అంది.

జొన్నకుంట రోడ్డు మా ఊరి స్టేషన్. డోను నుంచి గుంతకల్లు పోయే చిన్న లైను మీద దొరల కాలంలో కట్టింది. ఒకటే ప్లాట్‌ఫారం, రెండు లైన్లు. ఒంటి దారి కాబట్టి ఎదురెదురుగా వచ్చే బండ్లు అక్కడ ఆగి, ఒకదానికొకటి దారి ఇచ్చుకుని పోయేవి. పెద్ద లైను వేసినప్పుడు దాన్ని అరమైలు అవతలికి జరిపారు. పాత స్టేషన్ రాళ్ళు ఊళ్ళోవాళ్ళు తలా ఇన్ని మోసుకుపోయారు. మా పెరట్లో నేను బట్టలుతికే బండ ఆ ప్లాట్‌ఫారందే. ఇప్పుడక్కడ కట్ట మాత్రం ఉంది, దాని నిండా కంపచెట్లు. ఫోటో ఎవరి దగ్గరా లేదు.

మా అత్త చెయ్యి ఎందుకు ఆగిందో ఊరందరికీ తెలుసు. మా ఆడబిడ్డ చౌడేశ్వరిని నేను చూడలేదు. నేను కాపరానికి రాకముందు, ముప్పై ఒక్క ఏండ్ల కిందట, ఇట్లాంటి ఎండాకాలంలోనే, గుంతకల్లులో మేనమామ ఇంటికని ఆ పిల్ల ఆ స్టేషన్లో రైలెక్కింది. పందొమ్మిదేండ్లు. మొదటిసారి రైలెక్కడం. గుంతకల్లులో దిగలేదు. మేనమామ నాలుగు బండ్లు చూసి, ఉత్త చేతులతో మా ఊరికి వచ్చాడు. అప్పటి నుంచి గుంతకల్లు, బళ్ళారి, హుబ్లీ, ఆ లైను పొడుగునా వెతికారు. అడగని ఆసుపత్రి లేదు, తొక్కని పోలీసు స్టేషను లేదు. మా అత్త నిరుటి దాకా ఏడాదికొకసారి పోయి బళ్ళారి స్టేషన్ బయట పొద్దు వాలేదాకా కూర్చుని వచ్చేది. నలభై ఐదు దాటిన ఆడమనిషి ఎవరు కనబడినా మొహంలోకి చూస్తుంది.

అటే ఎందుకు వెతికారంటే, ఆ రోజు స్టేషన్ దాకా పిల్లకు తోడు పోయింది మా ఆయన. అప్పుడతనికి ఇరవై రెండేండ్లు. "గుంతకల్లు బండి. నా చేత్తోనే ఎక్కిచ్చినా," అని పోలీసులకు చెప్పాడు, అమ్మకు చెప్పాడు, పెండ్లయినంక నాకూ చెప్పాడు. ఎప్పుడు చెప్పినా అవే మాటలు. ఒక అక్షరం అటూ ఇటూ కాదు.

ఉగాది మరుసటి రోజు పని మొదలైంది. మగ్గం పైనున్నదంతా విప్పి, గుంత అంచు మీద ఎనిమిదడుగుల బల్ల పరిచాడు. నేసేటప్పుడు కాళ్ళు పెట్టే గుంతలోనే దిగి కూర్చుంటే బల్ల సరిగ్గా అతని కండ్ల ఎత్తుకు వచ్చేది. నిజం స్టేషన్లో వంద అడుగులు బల్ల మీద ఒక అడుగు. మగ్గం మీద పోగులు విడదీసే పన్నె విరిగితే, దాని పుల్లలతో ప్లాట్‌ఫారం కంచె వేశాడు. పాత నాడెల కొయ్య చెక్కి బెంచీలు చేశాడు. కాగితాలు గంజిలో నానబెట్టి గుట్టలు పోశాడు. తంతి తీగలకు నూలుపోగు లాగి, మైనం రాశాడు. బల్లకు ఎడమ కొసన "గుంతకల్లు", కుడి కొసన "డోను" అని చిన్న పలకలు కొట్టాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాల వైపు చూస్తే గుంతకల్లు ఎడమ పక్కే. అది ఊళ్ళో అందరికీ తెలిసిందే.

టేపు పట్టుకోగా నేను చూడలేదు. గుంతలో కూర్చుని కండ్లు మూసుకునేవాడు. కాసేపటికి తెరిచి, బల్ల మీద వేలు పెట్టి, "ఈడ నీళ్ళ ట్యాంకు," అనేవాడు. మళ్ళీ మూసుకునేవాడు. "ఈడ గూడ్సు షెడ్డు." ఎవరో లోపల కూర్చుని చదువుతుంటే రాసుకుంటున్నట్టు ఉండేది.

మా అత్త నాలుగు రోజులు ఆ గది వైపు రాలేదు. ఐదోరోజు పీట తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. ఆ తర్వాత గది లోపలికి జరిగింది. వారం తిరిగేసరికి పొద్దున గంజి తాగి వచ్చి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి నేను పిలిస్తేనే లేచేది.

"ఆ చెట్టు కింద కుర్చీ ఏందిరా?"

"ఈరప్పది మా. మంగలి ఈరప్ప. గేటు కాడ యాపచెట్టు కింద గడ్డాలు చేస్తాండె గదా."

చెట్టు మానుకు వేలిగోరంత అద్దం పెంకు అతికించాడు. చెట్టు ప్లాట్‌ఫారం వెనక పక్క, సరిగ్గా నడిమధ్యన; అద్దం ప్లాట్‌ఫారం వైపు. కత్తి పట్టుకున్న ఈరప్ప బొమ్మ కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఈరప్ప పోయి పదేండ్లయింది.

"కుర్చీలో ఎవురూ లేరే," అంది అత్త.

"ఎవురూ ల్యా," అన్నాడు.

ఇంకో రెండు రోజులు ఆగి ఆమె తన ట్రంకు పెట్టె తెరిచింది. అడుగు నుంచి ఒక కండె తీసింది, ఆవాల రంగు నూలు ఇంకా మిగిలి ఉంది దానికి. ఆ ఏడు బిడ్డ కోసం తాను నేసిన చీర తాలూకు నూలు. "నా బిడ్డను గూడా పెట్టురా. యాడ నిలబడిండెనో ఆడ పెట్టు. ఒకసారి చూస్తా," అంది.

నా ఎరికలో మా అత్త ఏడ్చింది లేదు. ఆ రోజూ ఏడవలేదు. మా ఆయన ఆ కండె చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. మరుసటి రోజుకు బొటనవేలిలో సగం లేని ఒక కొయ్య పిల్ల తయారైంది. ఒంటి నిండా ఆవాల రంగు నూలు చుట్టి ఉంది, చేతిలో సంచి. ప్లాట్‌ఫారం మీద గేటు దగ్గర, మొహం పట్టాల వైపు తిప్పి నిలబెట్టాడు. మా అత్త వంగి చూసింది. రోజూ పొద్దున ఆ బొమ్మ ముందర చిటికెడు బెల్లం పెట్టడం అప్పుడే మొదలైంది. చీమలు పడతాయని నేను సాయంత్రం తుడిచేసేదాన్ని.

ఊళ్ళో ముసలివాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. వచ్చేటప్పుడు ఉత్సాహంగా వచ్చేవాళ్ళు. తమ ఊరి స్టేషన్ మళ్ళీ లేచిందంటే ఎవరికి ఉండదు. వంగి చూసి, ఇదో బెంచీ, ఇదో నీళ్ళ కుళాయి అని వేలు చూపించి, నవ్వి, నవ్వుతూనే మధ్యలో ఆగిపోయేవాళ్ళు. బసవరాజ్ వాళ్ళ నాయన తలకు చెయ్యి పెట్టుకుని, "అంతా ఉండాది. కాని ఏమో తిప్పుతాంది," అని గోడకు ఆనుకున్నాడు. నేను మజ్జిగిచ్చి పంపించాను. ఎండ అనుకున్నాను.

ఓబులేసు మామ వచ్చింది ఏప్రిల్ చివర్లో. ఆ స్టేషన్లో పట్టాల కాంటాలు మార్చే పని ఇరవై ఆరేండ్లు చేశాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గర.

"ఏమప్పా వీరబద్రా, నన్ను యాడ నిలబెట్టినావు?"

మా ఆయన పచ్చ జెండా పట్టుకున్న బొమ్మ చూపించాడు. మామ పండ్లు లేని నోటితో నవ్వాడు. "అంత పొట్ట యాడుండెప్పా నాకు," అన్నాడు. తర్వాత అతని నవ్వు కూడా ఆగింది.

"నీళ్ళ ట్యాంకు డోను పక్క పెట్టినావే. గుంతకల్లు పక్క గదా ఉండె."

"కాదు మామా. డోను పక్కనే."

"మాస్టరు రూములో నుంచి బయటికొచ్చి ఎడమ పక్క తిరిగి నలబై అడుగులేస్తే ట్యాంకు. నేను కండ్లు మూసుకున్నా నా కాళ్ళు పోతాయి గదప్పా."

"కుడి పక్క మామా. నా కండ్ల ముందర ఉండాది."

ఓబులేసు నిజంగానే కండ్లు మూసుకున్నాడు. మా గదిలోనే ఎడమ వైపు తిరిగి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వెయ్యబోయి ఆగాడు. కుడి వైపు తిరిగాడు. మళ్ళీ ఆగాడు. ఆ కాళ్ళు అంతకు ముందు ఎప్పుడూ తడబడి ఉండవు.

"నువ్వింత గట్టిగా చెప్తాంటే నాకే మతి తప్పిందేమో," అన్నాడు మెల్లగా. తర్వాత ప్లాట్‌ఫారం మీది గడియారం చూశాడు. ఎవరో పత్తి సావుకారు పెట్టించిన రెండు మొహాల గడియారం, స్తంభానికి ఉండేదట. మా ఆయన రెండు వైపులా ముళ్ళు గీశాడు, ఒంటిగంట ఇరవైకి.

"ఈ టైముకు మన టేసన్లో ఏ బండీ లేదప్పా. రెండు ప్యాసింజర్లూ కలిసేది పదీ నలబైకి."

"ఆ పొద్దు ఒంటిగంట ఇరవై ఉండె మామా."

"ఏ పొద్దు?"

మా ఆయన గడియారం స్తంభాన్ని వేలితో నిటారుగా సర్దాడు.

"బండ్లు అంత లేటా ఆ పొద్దు?"

"లేటేమీ ల్యా," అన్నాడు మా ఆయన. అని, తన మాట తనకే అర్థం కానట్టు గడియారం వైపు చూశాడు.

ఓబులేసు మామ దారి తప్పింది ఆ మరుసటి రోజే. శివన్న నాకు చెప్పింది ఆ సంగతే.

నేను ఊరుకోలేదు. అన్నం పెడుతూ అడిగాను. "ఇంతమంది ముసిలోళ్ళు చెప్తాండారు గదా. తారుమారు చేసినావేమో చూసుకో. మగ్గం మీద బుటా చీర బోర్లా ఉంటాది, నేసేటోనికి కనిపించేది ఎనకపక్క. ముప్పై ఏండ్లు అట్ల చూసి చూసి నీకు అన్నీ అట్లే వచ్చినాయేమో."

"చీర ఎనకపక్క చూసి ముందరపక్క చెప్తా నేను. నాకా చెప్తావు," అన్నాడు. కంచంలో చెయ్యి కడిగేశాడు. సగం అన్నం అట్లే ఉంది.

రోహిణి ఎండలు మొదలైనాక బెంగళూరు నుంచి రెండు రైళ్ళు వచ్చాయి. ఎర్ర పెట్టెలు, అచ్చం పాత ప్యాసింజర్లే. కరెంటు ఇస్తే ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి వచ్చి స్టేషన్లో పక్కపక్కన ఆగేవి. చిన్న కూత వేసి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వెళ్ళిపోయేవి. పగలు పన్నెండు గంటలకు, వీధిలో కుక్క కూడా లేనప్పుడు, ఆ కూత రెండిళ్ళ అవతలికి వినబడేది. ప్రేమజ్యోతి గోడ అవతల గిన్నెలు తోమడం ఆపేది.

మా అత్త చెయ్యి ఎత్తి, "ఇంగొకసారి," అనేది. మా ఆయన మళ్ళీ తిప్పేవాడు.

అప్పుడు నేను ఒకటి గమనించాను. రైళ్ళు వచ్చినప్పుడు బల్ల సన్నగా అదిరేది. ఆ అదురుకు ఆవాల రంగు బొమ్మ కొద్ది కొద్దిగా తిరిగేది. నాలుగైదుసార్లు రైళ్ళు పోయి వచ్చేసరికి పట్టాలకు వీపు పెట్టి, వేపచెట్టు వైపు మొహం పెట్టి నిలబడేది. మిగిలిన బొమ్మలన్నిటికీ గంజి గట్టిగా పట్టింది. దానికే పట్టలేదు. మా ఆయన వేలితో దాన్ని మళ్ళీ పట్టాల వైపు తిప్పేవాడు. మూడుసార్లు కొత్త గంజి పెట్టాడు. మళ్ళీ తిరిగేది.

"దాన్నట్ల ఇడ్సిపెట్టురా. యాపచెట్టు కాడ ఏముండాదో చూసుకోనీ," అంది మా అత్త ఒకరోజు, మామూలుగా.

అతను బొమ్మను పట్టాల వైపు తిప్పి, గుంతలో నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ పూట ఇంటికి రాలేదు. పాత కట్ట మీద కంపచెట్ల నడుమ కూర్చుని ఉండగా గొర్రెలు తోలేవాళ్ళు చూశారట.

మిగిలింది ఒక్క రోజు సంగతి. జూన్ మొదటి వారం. మరుసటి రోజు భూపేష్ బండి వచ్చి బల్లను తీసుకుపోవాలి. పాప కర్నూలు నుంచి ఫోన్ చేసి, "అవ్వను రైలు కాడ నిలబెట్టి ఫోటో పంపియ్యి మా. నువ్వు గూడా ఉండు," అంది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అత్త ఇంకా చూస్తానంటే రైళ్ళకు కరెంటు ఆపకుండా ఉంచి, మా ఆయన గుంత కొసన బల్లకు వీపు ఆనించి కూర్చుని మిగిలిన తీగలు చుట్టలు చుడుతున్నాడు. నేను అత్తను బల్ల ముందర నిలబెట్టి, పక్కన నిలబడి, ఫోన్ తిప్పి పట్టుకున్నాను, మా మొహాలు మాకే కనిపించేటట్టు.

మా అత్త తన మొహం చూసుకోలేదు. మొహాల నడుమ, వెనక కనిపిస్తున్న స్టేషన్‌ను చూసింది. ఫోన్ నా చేతిలో నుంచి తీసుకున్నంత పని చేసింది.

"ఇదీ," అంది. "ఇదీ మన టేసను. ఎడమ పక్క ట్యాంకు, కుడి పక్క షెడ్డు. ఇన్నాళ్ళూ యాడ పెట్టినార్రా దీన్ని?"

ఫోన్‌లో చూశాను. వెనక్కి తిరిగి బల్ల చూశాను. మళ్ళీ ఫోన్‌లో చూశాను. మా అత్తకు చదువు రాదు కాబట్టి ఆమెకు అక్షరాలు అడ్డం రాలేదు. నాకు వచ్చాయి. ఫోన్‌లో "గుంతకల్లు" పలక కుడి పక్కకు పోయింది, అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అద్దంలో చూపినట్టు చూపిస్తోంది ఫోన్. అద్దంలో చూస్తే తప్ప మా ఆయన కట్టిన స్టేషన్ సరిగ్గా లేదు.

ఫోన్ అత్త చేతిలో పెట్టి, బల్ల అవతలి పక్కకు పోయాను. పట్టాల మీదుగా వంగి, చెంప బల్లకు ఆనించి, వేపచెట్టుకున్న వేలిగోరంత అద్దం పెంకులోకి చూశాను. గడియారం కనబడింది. ముళ్ళు పదీ నలభై చూపిస్తున్నాయి.

ఈరప్ప పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

నేను లేచి మళ్ళీ ఇవతలికి, అత్త పక్కకు వచ్చాను. చెంపకు గుట్ట రంగు అంటుకుంది, అది కూడా తుడుచుకోలేదు. "ఇదో. ఆ పొద్దు నువ్వు యాడ కూర్చోనుంటివి?" అన్నాను.

మా ఆయన తీగ చుట్టడం ఆపాడు. తల ఎత్తలేదు.

"బండ్లకు ఇంగా టైముందని ఈరప్ప కాడ కూర్చున్యా," అన్నాడు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని ఎదురుచూసినట్టు, తొందర లేకుండా చెప్పాడు. "రెండు బండ్లూ ఒక్కసారే వచ్చి నిలబడినాయి. చౌడి సంచి పట్టుకోని గేటు కాడికొచ్చి అడిగింది, అన్నా ఏ బండీ అని. ఈరప్ప కత్తి నా గొంతు కాడ ఉండె. అద్దంలో చూసినా. గుంతకల్లు ఎడమ పక్క గదా."

"మల్లా?" అంది మా అత్త.

"చెయ్యి చూపిచ్చినా మా. అది పోయి ఎక్కె. నేను చూస్తాండంగానే ఎక్కె."

"ఎట్ల చూపిచ్చినావు?"

అతను గుంతలో అట్లాగే, బల్లకు వీపు పెట్టి, మా వైపు మొహం పెట్టి కూర్చుని, ఎడమ చెయ్యి ఎత్తి పక్కకు చాపాడు. ఆ వేలి కొస బల్ల అంచుకు తగిలింది. తగిలిన చోట పలక ఉంది. నేను చదివాను. అతను తల తిప్పి తానూ చదివాడు. డోను.

చెయ్యి దించలేదు. దాన్ని మరిచిపోయినట్టున్నాడు. ముప్పై ఒక్క ఏండ్లుగా చెప్పిన మాటలో సగం అబద్ధమని నాకు అప్పుడు తెలిసింది. మిగతా సగం నిజమే. నా చేత్తోనే ఎక్కిచ్చినా.

"అంటే నా బిడ్డ డోనుకు పోయిండాది," అంది మా అత్త. ఎవరినీ అడగడం లేదు, తనకు తాను చెప్పుకుంటోంది. "గుంతకల్లు పోనేలేదు. మనం హుబ్లీ దాకా పోతిమి."

తర్వాత జరిగినవి వేరే. బల్ల మరుసటి రోజే గండికోట పోయింది. ఆ హోటల్లో అద్దాల పెట్టెలో ఉంది, ఆవాల రంగు బొమ్మ మాత్రం లేదు, దాన్ని మా అత్త తీసి కొంగున కట్టుకుంది. అక్కడికి వచ్చినవాళ్ళు దాని ముందర ఫోన్ తిప్పి ఫోటో దిగుతుంటారు. వాళ్ళ ఫోన్లలో ఒక్క క్షణం మా ఊరి స్టేషన్ సరిగ్గా నిలబడుతుందని వాళ్ళకు తెలియదు. మృగశిర వాన ఒకటి పడినాక మా అత్త బళ్ళారి మానేసి డోను బండి ఎక్కడం మొదలుపెట్టింది. డోను అయింది, నంద్యాల అయింది, ఇప్పుడు గిద్దలూరు పోతోంది. తోడు నేను పోతాను. కొడుకుని రమ్మనదు. పాత పోలీసు కాగితాలు అడిగితే ఆ స్టేషన్లలో కుర్రవాళ్ళు మా మొహం చూసి నీళ్ళు ఇస్తున్నారు. మా ఆయన గడ్డం తీయడం మానేశాడు. తిరుపతి మొక్కని ఊళ్ళో అనుకుంటున్నారు. ఓబులేసు మామ మాత్రం ఇప్పుడు దారి తప్పడం లేదు. ట్యాంకు నువ్వు చెప్పిన పక్కనే ఉండె మామా అని నేను పోయి చెప్పి వచ్చాను.

అవన్నీ తర్వాత. ఆ మధ్యాహ్నం ఆ గదిలో రైళ్ళకు కరెంటు ఎవరూ ఆపలేదు. రెండూ వచ్చి స్టేషన్లో ఆగాయి, కూత వేశాయి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పోయాయి. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. మా అత్త గుంత అంచు దాకా వచ్చి, కొడుకు నెత్తి పైన నిలబడింది.

"రేయ్ వీరా. నా బిడ్డ నోరు తెరిచి నిన్ను అడిగింది గదరా. ఎనిక్కి తిరిగి చెప్పేదానికి నీకేమడ్డమొచ్చెరా?"

మా ఆయన ఎత్తిన చేతిని మెల్లగా దించి, అదే చేత్తో చెంప తడుముకున్నాడు.

"సగం గడ్డమే గీసిండె మా," అన్నాడు.